ఐదు మట్టాల ఏరు

సంక్రాంతి దాటిందంటే విశాఖ, గోదావరి జిల్లాల పేజీల్లో ఒక చిన్న వార్త మాటిమాటికీ కనిపిస్తుంది. జోలాపుట్టు పూర్తి మట్టం 2,750 అడుగులు, డుడుమ 2,590, బలిమెల 1,516, సీలేరు గుంటవాడ 1,360, డొంకరాయి 1,037; ప్రస్తుతం ఇంతింత ఉన్నాయి అని. ఫొటో ఉండదు, పెద్ద శీర్షికా ఉండదు. నగరంలో ఉన్నవాళ్లు చాలామంది చూసీ చూడనట్టు పేజీ తిప్పేస్తారు. మండపేటలోనో అమలాపురంలోనో భీమవరంలోనో దాళ్వా (రబీ వరి) నాటిన రైతు మాత్రం ఆ అంకెల మీద వేలుపెట్టి చదువుతాడు. విద్యుత్ సౌధలో సాయంత్రం లోడు ఎలా మోయాలా అని తల పట్టుకున్న ఇంజనీరూ అవే అంకెలు చూస్తాడు. ఇద్దరిదీ ఒకటే నీరు. ఒకరికి అది పగలూ రాత్రీ నిలకడగా పారాలి. రెండోవారికి దీపాలు పెట్టే వేళకు ఒక్కసారిగా దిగాలి.

ఇన్నేళ్లూ ఈ ఇద్దరికీ మధ్య ఏదో ఒక సర్దుబాటు జరుగుతూ వచ్చింది. సీలేరు మీద 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం కట్టాలని జెన్‌కో తలపెట్టాక ఆ సర్దుబాటు నోటిమాటగా మిగిలితే చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే ముందు ఈ ఏటి నడక తెలియాలి.

సీలేరు పుట్టుక మాడుగుల కొండల్లో. అక్కడి నుంచి బంగాళాఖాతానికి సూటిగా గీత గీస్తే వంద కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కొండల తూర్పు వాలున పడిన చినుకు పెద్దేరులోనో బొడ్డేరులోనో చేరి, శారదా నదిలో కలిసి, అనకాపల్లి దాటి త్వరగానే సముద్రం చూస్తుంది. పడమటి వాలున పడిన చినుకుకు ఆ అదృష్టం లేదు. తూర్పు కనుమల అంచు గోడలా నిలబడి, లోపలి పీఠభూమి వెనక్కి వాలి ఉండటంతో నీళ్లు సముద్రానికి వీపు తిప్పి ఉత్తరంగా నడుస్తాయి. పాడేరు మన్యంలో దీన్ని మత్స్యగెడ్డ అంటారు. దారిలో మత్స్యగుండం దగ్గర చేపలు గుంపులుగా తిరుగుతాయి, దేవుడి చేపలని ఎవరూ వాటిని పట్టరు. ముంచంగిపుట్టు దాటి ఒడిశా సరిహద్దు పట్టుకున్నాక ఇదే మాచ్‌ఖండ్ అవుతుంది. డుడుమ దగ్గర ఒక్కసారిగా లోయలోకి దూకి, అక్కడి నుంచి నైరుతికి మళ్లి, ఎంతో దూరం రెండు రాష్ట్రాలకూ హద్దురాయిలా పారి, సీలేరు పేరుతో మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మూడూ కలిసే చోటు అది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. పాపికొండల మధ్య నుంచి ధవళేశ్వరం చేరి, కాలువలకెక్కి, కోనసీమ పొలాలు తడిపి, అప్పటికి గానీ ఆ చినుకు కడలి చూడదు. ఇంటి వెనక బావి ఉండగా ఊరంతా చుట్టి నీళ్లు తెచ్చుకున్నట్టుంటుంది ఈ ప్రయాణం.

ఈ చుట్టుదారే మనకు లాభించింది. పీఠభూమి అటు పక్క మెట్లుమెట్లుగా దిగుతుంది. జోలాపుట్టు నుంచి బలిమెలకు 1,234 అడుగులు, బలిమెల నుంచి గుంటవాడకు 156, అక్కడి నుంచి డొంకరాయికి 323. డొంకరాయి కింద పొల్లూరు దగ్గర మరో పెద్ద దిగుడు. ఇంత చిన్న నదికి ఇన్ని మెట్లు దొరకడం అరుదు. కృష్ణ మీద శ్రీశైలం, సాగర్లలో నీటి పరిమాణం పెద్దది, సీలేరులో నీరు తక్కువైనా దిగే ఎత్తు ఎక్కువ. పైగా ఒక టర్బైను తిప్పిన నీరు కింది మెట్టు మీద మరో టర్బైనుకు పనికొస్తుంది. ఒక మెట్టుతో లెక్క చూద్దాం. ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్ల నీరు. అది గుంటవాడ నుంచి డొంకరాయికి 323 అడుగులు దిగితే, గొట్టాల్లో, యంత్రాల్లో పోయేది పోగా దాదాపు 65 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. నెలకు రెండు వందల యూనిట్లు కాల్చే ఇళ్లు ముప్పై వేల పైచిలుకు ఒక నెలంతా వెలుగుతాయి. ఒక్క టీఎంసీ, ఒక్క మెట్టు.

ఆ మెట్లను మొదట గుర్తించింది ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం. డుడుమ జలపాతం పక్కన కొండ కడుపులోకి గొట్టాలు దించి మాచ్‌ఖండ్ కేంద్రాన్ని మొదలుపెట్టింది. అది పూర్తయ్యేసరికి మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయింది. 1955లో యంత్రాలు తిరిగేనాటికి అది కొత్త రాష్ట్రానికీ ఒరిస్సాకూ ఉమ్మడి ఆస్తి. మొదట ఆంధ్రకు 70, ఒరిస్సాకు 30 వంతులు. ఇప్పుడు సగం సగం లెక్క. ఒనకఢిల్లీలో కొండ మీద దిగి, వించ్ ఎక్కి నిట్టనిలువుగా లోయలోకి జారితే గానీ విద్యుత్కేంద్రం కనిపించదు. ఆరు యంత్రాలు, 120 మెగావాట్లు. ఏడు దశాబ్దాల యంత్రాలు కనుక ఒకటి బాగుచేస్తే ఇంకొకటి మూలపడుతోంది. ఆధునికీకరణకు రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి గానీ, ఉమ్మడి ఇంటికి సున్నం వేయించడం ఎంత తొందరగా తెములుతుందో తెలిసిందే.

తర్వాత 1967-68లో ఎగువ సీలేరులో రెండు యూనిట్లు వచ్చాయి. 1976-78 మధ్య పొల్లూరు దగ్గర దిగువ సీలేరులో నాలుగు 115 మెగావాట్ల యంత్రాలు, 1983లో డొంకరాయి ఆనకట్ట దగ్గర 25 మెగావాట్ల చిన్నది, 1994-95లో ఎగువ సీలేరుకు మరో రెండు యూనిట్లు. మొత్తం కలిపి జెన్‌కో సీలేరు కాంప్లెక్స్ 725 మెగావాట్లు. దిగువ సీలేరులో ఇంకో రెండు 115 మెగావాట్ల యూనిట్ల పనీ చేపట్టారు. ఇవి రాష్ట్రంలోకెల్లా చౌక కరెంటు ఇచ్చే కేంద్రాల్లో ఉన్నాయి. బొగ్గు కొనక్కర్లేదు, పెట్టుబడి ఎప్పుడో తీరిపోయింది. అందుకే 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు చింతూరు మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు తెలంగాణకు ఊళ్లు పోయిన బాధ కన్నా మోతుగూడెం పక్కనున్న 460 మెగావాట్లు పోయిన బాధే ఎక్కువైంది. కేసీఆర్ ఆ మాట ఎన్నో సభల్లో ఎత్తారు. కరెంటు కోతలతో మొదలైన రాష్ట్రానికి ఆ కోపం రావడంలో వింత లేదు.

మధ్యలో బలిమెల కథ వేరు. చిత్రకొండ దగ్గర ఆ ఆనకట్ట రెండు రాష్ట్రాలూ కలిసి కట్టినదే, నీరూ చెరి సగం. ఒడిశా తన సగాన్ని కొండకు అడ్డంగా మళ్లించి, బలిమెల విద్యుత్కేంద్రంలో తిప్పి, పొట్టేరులోకి వదులుతుంది. ఆ కేంద్రం ఇప్పుడు 510 మెగావాట్లు. మల్కనగిరి పొలాలు తడిపాక మిగిలింది చివరికి శబరిలోకే వస్తుంది. ఆంధ్ర తన సగాన్ని ఏటి బాటనే గుంటవాడకు దించుకుంటుంది. ఎవరు ఎన్ని టీఎంసీలు వాడారో రెండు వైపుల ఇంజనీర్లు కూర్చుని లెక్క సరిచూసుకుంటారు. కావేరి, కృష్ణల్లా ఈ పంపకం కోర్టు మెట్ల మీదకు ఎక్కకపోవడం గమనించదగ్గది. నీటి కోసం కొట్టుకోవడమే మన ఆనవాయితీ అనుకునేవాళ్లు ఈ చిన్న ఏటిని చూడాలి.

అయితే ఆ సామరస్యానికి ఖర్చు కట్టినవాళ్ల పేర్లు ఏ ఒప్పందంలోనూ లేవు. మాచ్‌ఖండ్ దాదాపు 3 వేల కుటుంబాలను లేపేసింది. అందులో సగం ఆదివాసులు. పునరావాసం దక్కింది ఆరు వందల కుటుంబాలకే. బలిమెల జలాశయం నిండాక చిత్రకొండ అవతల 151 ఊళ్లు మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు ఆంధ్ర అడవితో తెగిపోయాయి. ఒడిశా ప్రభుత్వమే తన కాగితాల్లో దానికి 'కటాఫ్ ఏరియా' అని పేరు పెట్టుకుంది. అక్కడి వాళ్లు బియ్యానికీ ఆసుపత్రికీ లాంచీ ఎక్కాల్సి వచ్చేది. ప్రభుత్వం వెళ్లలేని చోటికి మావోయిస్టులు వెళ్లారు. 2008 జూన్ 29న ఆ జలాశయంలో లాంచీ మీద జరిగిన దాడిలో చనిపోయిన 38 మందిలో ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ జవాన్లు. ఆ ఊళ్లకు దారి కలిపే 910 మీటర్ల గురుప్రియ వంతెనను 2018 జూలైలో తెరిచారు. ఆనకట్ట కట్టిన నాలుగు దశాబ్దాలకు. మన వైపూ పెద్ద తేడా లేదు. మత్స్యగెడ్డ నీళ్లు ఎగదన్నిన పల్లెల్లో నాటుపడవే ఇప్పటికీ రోడ్డు. అది బోల్తాపడినప్పుడు జిల్లా పేజీలో వార్త వస్తుంది, మట్టాల వార్త పక్కనే.

ఇక డెల్టా సంగతి. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టాక గోదావరి డెల్టాలో ఖరీఫ్ పంట సార్వాకు లోటు లేదు. చిక్కంతా దాళ్వాతోనే. డిసెంబరు దాటితే గోదావరి సన్నగిల్లుతుంది, ధవళేశ్వరం దగ్గర చెప్పుకోదగ్గ నిల్వ లేదు. దాదాపు 9 లక్షల ఎకరాల వరికి ఫిబ్రవరి, మార్చిలలో పొట్టదశలో నీరు కావాలి. అప్పుడు ఆదుకునేది సీలేరే. ఏటేటా మారినా నలభై టీఎంసీలకు అటూ ఇటూ నీరు ఈ కొండల నుంచే వస్తుంది. సాగునీటి సలహా మండలి సమావేశాల్లో 'సహజ జలాలు ఇన్ని, సీలేరు ఇన్ని' అని రెండు పద్దులు రాసుకుంటారు. ఎండలు ముదిరేకొద్దీ మొదటి పద్దు కుంచించుకుపోతుంది, రెండోదే కాలువలను నిలబెడుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. డెల్టాకు వదిలే నీరు కరెంటు ఇచ్చే నీరే కనుక మామూలు రోజుల్లో గొడవ లేదు. సాయంత్రం నాలుగు గంటలు పూర్తి జోరుగా తిప్పి మిగతా వేళల్లో ఆపేసినా, పొల్లూరు నుంచి ధవళేశ్వరం దాకా వచ్చేసరికి ఆ ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. పేచీ వచ్చేది రెండు సందర్భాల్లో. జనవరిలో డిమాండు తక్కువగా ఉండి జెన్‌కో నీళ్లు దాచుకుందామనుకున్నప్పుడు కాలువల్లో వంతులు మొదలవుతాయి. మార్చిలో పొలం ఎండిపోతోందని గోల పెడితే యంత్రాలతో పని లేకుండా డొంకరాయి గేట్ల నుంచి నేరుగా వదలాల్సి వస్తుంది. అలా వదిలిన ప్రతి టీఎంసీకీ పొల్లూరులో రావలసిన కరెంటు రాకుండా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుండగా బయట యూనిట్ ధర ఆకాశాన్నంటినప్పుడు జలాశయంలో నీళ్లుండవు. రైతుదీ తప్పు కాదు, ఇంజనీరుదీ తప్పు కాదు. మట్టం ఏ నెలలో ఎంతకు దిగవచ్చో ముందే రాసి, బయటపెట్టి, దానికి కట్టుబడకపోవడమే తప్పు. ఏటా కొత్త బేరంగానే సాగుతోంది. ఎమ్మెల్యేల ఫోన్లు, కలెక్టర్ల లేఖలు, ఆఖరి నిమిషంలో ఉత్తర్వులు. మన నీటి పాలనలో సగం ఫోన్ల మీదే నడుస్తుంది.

ఈ నేపథ్యంలో వస్తోంది పంప్డ్ స్టోరేజీ. తొమ్మిది యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలిపోతున్న వేళ డొంకరాయి నీటిని గుంటవాడకు ఎక్కించి, సాయంత్రం మళ్లీ దించుతారు. ఎక్కించడానికి వంద యూనిట్లు పెడితే దించినప్పుడు డెబ్బై అయిదో ఎనభయ్యో తిరిగొస్తాయి. నష్టానికి వ్యాపారం అనిపిస్తుంది గానీ, ఎండ వేళ కారుచౌకగా ఉన్న కరెంటు దీపాల వేళకు ప్రియమవుతుంది, ఆ తేడాలోనే లాభం. కొత్తగా ఊళ్లు ముంచనక్కర్లేదు, రెండు జలాశయాలూ ఉన్నవే. అల్లూరి జిల్లాలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన ఇలాంటి పథకాలను ఆదివాసులు గట్టిగా ఎదిరిస్తున్నారు. వాటితో పోలిస్తే సీలేరు ప్రతిపాదన మెరుగైనదనే నా అభిప్రాయం. అయినా సొరంగాలు, తవ్విపోసిన రాళ్లగుట్టలు, రోడ్లు, హైటెన్షన్ లైన్లు గాలిలో కట్టరు. అది ఐదో షెడ్యూలు నేల. గ్రామసభకు వెళ్లి సంతకాలు పట్టుకురావడం కాదు, అక్కడ కూర్చుని జవాబులు చెప్పడం జెన్‌కో నేర్చుకోవాలి.

డెల్టాలో వినిపిస్తున్న భయం మాత్రం వేరే: ఈ కేంద్రం మా నీళ్లు తాగేస్తుందేమో అని. లెక్క వేస్తే ఆ భయం నిలవదు. 1,350 మెగావాట్లు గంట నడిస్తే 13.5 లక్షల యూనిట్లు. పైన చెప్పిన లెక్కన అయిదు గంటలకు ఒక టీఎంసీ చాలు. ఆ ఒక్క టీఎంసీయే మర్నాడు పైకి, మళ్లీ కిందికి, ఉయ్యాల ఊగినట్టు తిరుగుతుంది. ఆవిరిగా పోయేది కాస్త తప్ప ఖర్చయ్యేది లేదు. నలభై టీఎంసీల పద్దులో అది పెద్ద కోత కాదు.

భయపడాల్సింది పరిమాణం గురించి కాదు, మట్టం గురించి. ఉయ్యాల ఊగాలంటే కింద డొంకరాయిలో ఎప్పుడూ తోడుకోవడానికి తగినంత నీరుండాలి, పైన గుంటవాడలో ఎక్కిన నీటికి ఖాళీ ఉండాలి. ఇప్పుడు మార్చి ఆఖరుకు డొంకరాయిని ఎంత లోతుకైనా దించి డెల్టాను గట్టెక్కించే వెసులుబాటు ఉంది. వేల కోట్లు పోసి కట్టిన కేంద్రం పక్కనుంటే ఆ వెసులుబాటు మిగులుతుందా? అప్పు కంతులు కట్టాల్సిన సంస్థ, పొట్టదశలో ఉన్న వరి, వీటిలో ఏది గట్టిగా అరుస్తుందో ఎవరు చెప్పగలరు?

పోలవరం పూర్తయితే ఈ చిక్కు వీడిపోతుందని ఇంజనీర్లు అంటారు. నిజమే. 150 అడుగుల మట్టంలో అక్కడ నిలిచే నీటితో దాళ్వాకు ధీమా వస్తుంది, సీలేరుకు కరెంటు పని మాత్రమే మిగులుతుంది. కానీ ఆ మట్టానికి నీరు నిలిపిన నాడు ముంపు వెళ్లేది శబరి వెంట చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం పల్లెల మీదికి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఏమైందో వాళ్లు మరిచిపోలేదు. గోదావరి పోటెత్తితే శబరి ఎగదన్నుతుంది. అదే సమయంలో పైన డొంకరాయి నిండి గేట్లు ఎత్తితే రెండు వైపుల నుంచీ నీళ్లు తోస్తాయి. కరెంటు వాళ్లకూ డెల్టా వాళ్లకూ జలాశయం నిండుగా ఉండటమే శుభం. జూలై నెలలో చింతూరు వాసికి మాత్రం అందులో కాస్త ఖాళీ ఉంటేనే నిద్ర పడుతుంది. ఆ ఖాళీ గురించి మాట్లాడే మనిషి సలహా మండలిలో లేడు.

మట్టాలు ముందే రాసి బయటపెట్టే పనికి సమయం ఇదే అనడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. పైకీ కిందికీ పనిచేసే యంత్రాన్ని కింది జలాశయపు కనిష్ఠ మట్టానికి ఎంతో దిగువన, భూగర్భంలో కూర్చోబెట్టాలి. నీటి ఒత్తిడి తగ్గితే పంపు రెక్కల దగ్గర బుడగలు పుట్టి లోహాన్ని తినేస్తాయి. కాబట్టి డొంకరాయి ఎంతకు దిగవచ్చు అన్న అంకె తేలకుండా యంత్రం ఎంత లోతున ఉండాలో తేలదు, ఎంత తవ్వాలో తేలదు, ఖర్చూ తేలదు. ఒకసారి కాంక్రీటు పోశాక ఆ అంకెను కిందికి జరపడం ఏ ముఖ్యమంత్రి తరమూ కాదు. ఆ అంకె పథకం నివేదికలో ఉంటుంది. అది జెన్‌కో బీరువాలో ఉండిపోకుండా, నెలవారీ మట్టాల పట్టికతో సహా, తవ్వకం మొదలుకాకముందే రాజమహేంద్రవరంలో సలహా మండలి ముందు, చింతూరులో గ్రామసభ ముందు, తెలుగులో, చదివి వినిపించాలి.